టైరు సంగతి మనకెందుకు అనకండి!

కుక్కర్ గాస్కెట్టు వదులైతే ఇంట్లో ముందు ఎవరికి తెలుస్తుంది? మనకే. పిల్లల చెప్పులు అరిగి జారుతుంటే కొత్తవి కొనాలని గుర్తు చేసేదెవరు? మనమే. మరి ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే బండి టైరు అరిగితే మాత్రం "అది మగవాళ్ల పని" అని ఊరుకుంటాం. బండి జారితే పడేదెవరో చెప్పండి? రెండు కాళ్లూ ఒక పక్కకు వేసుకుని, ఒళ్లో పిల్లనో కూరగాయల సంచీనో పట్టుకుని వెనక కూర్చునే మనమే కదా!

మాది జనగామ జిల్లా దేవరుప్పుల. జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు మా ఊరి మీదుగానే వెళ్తుంది. ఆ తారు రోడ్డు దిగి పొలాల వైపు తిరిగామా, మొరం బాటలు, చెల్కలు, అక్కడక్కడా నల్లరేగడి. మృగశిరలో నాలుగు వానలు పడితే చాలు, రేగడి మట్టి తడిపిన పిండిలా చక్రానికి చుట్టుకుంటుంది. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు మోసుకొచ్చిన బురద తారు రోడ్డు మీద రాలుతుంది. కోతలయ్యాక అదే రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. గింజల మీదికి చక్రం ఎక్కితే గోలీల మీద కాలు పెట్టినట్టే!

మా తోటికోడలు అలాగే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ బండి వెనక టైరు పూర్తిగా గుండు. ఆరు వారాలు చేతికి కట్టు. వంట, బర్రె పాలు, పిల్లల జడలు అన్నీ ఒంటి చేత్తోనే. "ఈ పంట చేతికొచ్చాక టైరు మారుద్దాం" అనుకున్న ఇంట్లో టైరు ఖరీదుకు ఎన్నో రెట్లు ఆస్పత్రికి పోయింది.

అప్పటినుంచి మా బండికి టైరు కొనేటప్పుడు దుకాణానికి నేనూ వెళ్తున్నాను. మొదటిసారి మా ఆయన "టైర్ల ముచ్చట నీకెందుకు?" అని నవ్వారు. "వెనక కూసునేది నేనే గదా" అన్నాను. మళ్లీ మాట్లాడలేదు.

దుకాణంలో చూస్తే స్థూలంగా మూడు రకాలు కనిపిస్తాయి. సన్నటి గాళ్లతో, నేలకు ఎక్కువ రబ్బరు ఆనేది మామూలు రోడ్డు టైరు. తారు మీద బాగా పట్టుకుంటుంది, బురదలో మాత్రం గాళ్లు పూడిపోయి జారుతుంది. రెండోది బటన్ టైరు. ఎత్తయిన ముద్దలు దూరం దూరంగా ఉంటాయి. మెత్తటి మట్టిలో అవి గోళ్లలా దిగి లాగుతాయి. అయితే తారు మీద ఆనే రబ్బరు తక్కువ కాబట్టి తడి రోడ్డులో బ్రేకు వేస్తే పట్టు తక్కువ. చప్పుడు ఎక్కువ, తొందరగా అరుగుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. మూడోది ఈ రెంటికీ మధ్యరకం. నడుమ ముద్దలు దగ్గర దగ్గరగా, అంచుల్లో లోతుగా, విడివిడిగా ఉంటాయి.

దుకాణంలో అబ్బాయి "అక్కా, బురద బాటంటున్నవ్ గదా, బటన్ టైరు ఏస్కో" అన్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. వారంలో ఆరు రోజులు బండి తిరిగేది తారు మీద. పొలానికి పోయేది పొద్దునా సాయంత్రం కాసేపు. "తమ్మీ, నడుమ రకం చూపియ్యి" అన్నాను. చీరల దుకాణంలో పట్టుచీర ఎంత మెరిసినా రోజూ కట్టేదానికి నేత చీరే కొంటాం కదండీ! ఇదీ అంతే. అచ్చంగా రేగడి బాటల మీదే తిరిగేవాళ్లయితే మాత్రం బటన్ టైరు తీసుకోవడమే న్యాయం.

ఈ లెక్క మన ఊరికే కాదు. మా పెద్దమ్మాయి అమెరికాలో మిన్నెసోటాలో ఉంటుంది. అక్కడ నెలల తరబడి మంచు. పోయిన చలికాలం ముందు ఫోన్ చేసి, "అమ్మా, కారుకు అన్ని నేలలకూ పనికొచ్చే టైర్లు వేయించాలా, అచ్చంగా మంచు టైర్లే వేయించాలా?" అని అడిగింది. "ఏ రోడ్డు మీద ఎన్నాళ్లు తిరుగుతవో ముందు అది చెప్పు బిడ్డా" అన్నాను. తనే అన్నీ కనుక్కుని నాకు చెప్పింది. చలి 7 డిగ్రీల లోపుకు దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుందట. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు బొమ్మ ఉంటే మంచు మీద లాగే పరీక్షలో నెగ్గినట్టు. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు మాత్రమే ఉంటే ఆ పరీక్ష జరిగినట్టు కాదు. అన్ని నేలల టైర్లలో కొన్నింటికి ఆ బొమ్మ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. బొమ్మ ఉన్నా గడ్డకట్టిన నున్నటి మంచు మీద మెత్తని రబ్బరు, సన్నటి చీలికలు ఉన్న అసలు మంచు టైరే మేలు. కెనడాలోని క్యూబెక్‌లో అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మంచు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మా అమ్మాయివాళ్లు సెలవు రోజుల్లో అడవి మట్టిదారుల్లో తిరుగుతారు కాబట్టి బొమ్మ ఉన్న అన్ని నేలల టైర్లే వేయించుకున్నారు. అదీ నాలుగూ ఒకే రకం. రెండు ఒకటి, రెండు ఇంకొకటి వేస్తే మలుపులో కారు అదుపు తప్పి జారే ప్రమాదం ఉంది.

ఇక కొనేటప్పుడు మీరు చూడాల్సినవి. ముందు సైజు. మా ఎక్సెల్ బండి టైరు మీద 2.50-16 అని ఉంటుంది. వెడల్పు రెండున్నర అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు అన్నమాట. అందంగా ఉందని లావు టైరు వేయిస్తే బురద మడ్‌గార్డుకు పట్టేసి చక్రం కదలదు. తరవాత తయారీ తేదీ. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. పచ్చడి సీసా మీద తేదీ చూసినట్టే ఇదీ చూడండి. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. ఐఎస్ఐ గుర్తు, చక్రం తిరిగే వైపు చూపే బాణం కూడా చూసుకోండి.

ఎప్పుడు మార్చాలో టైరే చెబుతుంది. గాడిలో అడ్డంగా చిన్న గట్టు ఉంటుంది. ముద్దలు అరిగి గట్టుతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. చట్టప్రకారం రెండు చక్రాల బండికి గాడి లోతు 0.8 మిల్లీమీటర్లు, కారుకు 1.6 మిల్లీమీటర్లు తగ్గకూడదు. వానల్లో తిరిగేవాళ్లు అంతదాకా ఆగకపోవడమే మంచిది.

గ్యాస్ సిలిండర్ మార్చిన రోజున టైర్లూ చూడటం అలవాటు చేసుకున్నాను. గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇద్దరెక్కితే వెనక చక్రానికి ఎక్కువ కావాలి. సర్కారు తుమ్మ ముళ్లు దిగాయేమో వేలితో కాదు, కళ్లతో చూడండి!

చీటీ డబ్బులు చేతికొచ్చినప్పుడు ముందు గుర్తొచ్చేవి స్కూలు ఫీజు, పండగ బట్టలు. తప్పులేదు. ఆ జాబితాలో టైరును కూడా పైవరసలో రాసుకోండి. ఈసారి మీవారు టైరు మార్చడానికి వెళ్తుంటే, "ఆగండి, నేనూ వస్తున్నా" అనండి.