బండికి వయసుంటుంది, బాటసారి హక్కుకు వయసుండదు

వాహనం అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటి. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను మానవుని స్వారీ కొరకు సృష్టించిన సంగతిని జ్ఞాపకం చేసిన దివ్య ఖుర్‌ఆన్, మనం ఎరుగని మరెన్నో వాటిని కూడా ఆయన సృష్టిస్తాడని అన్‌నహ్ల్ సూరాలో అక్కడే తెలియజేసింది. అయితే అనుగ్రహం వెంట బాధ్యత కూడా వస్తుంది. కారు కొత్తగా ఉన్నన్నాళ్లు ఆ బాధ్యతలో కొంత భాగాన్ని తయారీ సంస్థ, బీమా సంస్థ పంచుకుంటాయి. కారు పాతబడిన కొద్దీ అవి ఒక్కొక్కటే తప్పుకుంటాయి. చివరకు భారమంతా యజమాని భుజాల మీదనే మిగులుతుంది. మధ్యతరగతి ఇళ్ల ముందు కనబడేవి ఎక్కువగా ఇటువంటి కార్లే. అటువంటి బండి నడిదారిలో ఆగిపోతే అందులోని కుటుంబానికి ఆసరా ఎవరన్నదే మేమిక్కడ ఆలోచించదలచిన విషయం.

మాది కర్నూలు. మా ఇంటి కారు 2009లో రిజిస్టరైన చిన్న పెట్రోలు బండి. చట్టం ప్రకారం సొంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపైన బండి పరీక్షలో నెగ్గితే మరో 5 సంవత్సరాలకు పొడిగిస్తారు. ఆ పొడిగింపు రుసుము పూర్వం 600 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్ నుండి 5,000 అయింది. మేము ఆ రుసుము చెల్లించి, పరీక్ష చేయించి, పత్రం తెచ్చుకున్నాము. ఈ బండి రోడ్డు మీద తిరగవచ్చునని ప్రభుత్వం ఒప్పుకున్నది. కాని బీమా పాలసీని పునరుద్ధరించే సమయంలో, దారిలో సాయానికి సంబంధించిన అదనపు రక్షణ ఈ వయసు బండికి వర్తించదని సంస్థ తేల్చి చెప్పింది.

ఈ రక్షణనే వాడుకలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అంటున్నారు. బీమాలోని మిగతా భాగాలతో దీనిని కలగలపకూడదు. మన బండి వలన ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమా చట్టరీత్యా తప్పనిసరి. మన బండికి జరిగే నష్టానికి తీసుకునే బీమా ఐచ్ఛికం. ఇక దారిలో సాయమన్నది ఒక సేవ. పంక్చరైన చక్రాన్ని మార్చడం, బ్యాటరీ దిగిపోతే మరో బ్యాటరీతో ఇంజను నడిపించడం, పెట్రోలు అయిపోతే తెచ్చి ఇవ్వడం, బండి కదలకపోతే దగ్గరలోని గ్యారేజీకి లాక్కుపోవడం ఇందులోని ముఖ్యమైన అంశాలు. విడిభాగాల ధర, పెట్రోలు ధర సాధారణంగా మనమే భరించాలి. ఎన్ని కిలోమీటర్ల దూరం, ఏడాదికి ఎన్ని పర్యాయాలు, ఎన్నేళ్ల బండి వరకు అన్న హద్దులు సంస్థను బట్టి మారుతుంటాయి. విచిత్రమేమంటే ఈ సేవ అవసరం అంతగా లేని కొత్త కారుకు అది సులువుగా దొరుకుతుంది. నిజంగా అవసరమైన కారుకు దొరకడం కష్టమవుతుంది.

ఆ మాటకు అర్థమేమిటో నిరుడు చలికాలంలో ఒక రాత్రి మాకు బోధపడింది. అమ్మీకి హైదరాబాదులో గుండె పరీక్షలు చేయించి 44వ జాతీయ రహదారి మీద తిరిగి వస్తుండగా, కొత్తకోట దాటిన తరువాత ఇంజను వేడిని చూపే ముల్లు ఎర్ర గీతకు చేరింది. వాటర్ పంపు చెడింది. బండిని ఎడమ అంచుకు తీసి, లైట్లు మిణుకుమనేలా పెట్టి, అందరమూ దిగి రక్షణ కమ్మీ అవతల నిలుచున్నాము. జాతీయ రహదారుల సహాయ సంఖ్య 1033కు ఫోను చేస్తే గస్తీ వాహనం వచ్చింది. వారు దారికి అడ్డంగా శంకువులు పెట్టి, క్రేనుతో మా కారును టోల్ ప్లాజా వద్దకు చేర్చారు. దానికి పైసా అడగలేదు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక! కాని వారి బాధ్యత బండిని భద్రమైన చోటికి చేర్చడం వరకే. అక్కడి నుండి కర్నూలుకు తీసుకుపోవడానికి ప్రైవేటు బండివాడు 9,000 అడిగి 7,000కు దిగాడు. ఇదే కారు నాలుగేళ్ల క్రితం ఆగినప్పుడు ఒక్క ఫోనుతో ఖర్చు లేకుండా ఇంటికి చేరింది.

అమ్మీకి చక్కెర వ్యాధి ఉంది, వేళకు ఇన్సులిన్, ఆ వెంటనే భోజనం ఉండాలి. టోల్ సిబ్బంది కుర్చీ వేస్తే అందులో కూర్చునే ఇషా నమాజు పూర్తి చేసుకుని, మా బేరం విని ఒక మాట అన్నారు: "మన చేతిలో ఫోనుంది, ఇంట్లో డబ్బుంది. ఇవి లేని వాళ్లు ఈ వేళప్పుడు ఏం చేస్తారు బేటా?" మాకు జవాబు తోచలేదు. అయితే ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

దారిలో సాయమనే సేవ మొదట ఎలా పుట్టిందో తెలుసుకున్నప్పుడు మాకు కొంత దారి కనిపించింది. అది బీమా వ్యాపారంగా పుట్టలేదు. 1905లో లండన్‌లో కొందరు కారు యజమానులు ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. క్రమంగా ఆ సంఘానికి దారిలో చెడిన బండ్లను బాగుచేయించడమే పెద్ద పని అయింది. 1999లో అది సభ్యుల సంఘంగా ఉండడం మాని ఒక వ్యాపార సంస్థ చేతికి వెళ్లింది. జర్మనీలో 1903లో స్టుట్‌గార్ట్ నగరంలో మోటారు సైకిలు నడిపేవారు మొదలుపెట్టిన సంఘం నేడు ఏడీఏసీ పేరుతో రెండు కోట్లకు పైగా సభ్యులతో ఇప్పటికీ సంఘంగానే నడుస్తున్నది. అక్కడ సభ్యత్వం బండిది కాదు, మనిషిది. సభ్యుడు ఏ కారులో ఉన్నా సాయం అతని వద్దకు వస్తుంది.

ఈ తేడాయే మమ్మల్ని ఆలోచింపజేసింది. బండిని చూసి సాయం చేస్తే దాని వయసు అడగవలసి వస్తుంది. మనిషిని చూసి చేస్తే ఆ ప్రశ్నే రాదు. ఇస్లాం చూసినది మనిషినే. జకాత్‌కు అర్హులుగా అత్తౌబా సూరా పేర్కొన్న ఎనిమిది వర్గాలలో ఇబ్నుస్సబీల్, అంటే దారిలో చిక్కుకున్న బాటసారి, ఒకడు. తన ఊరిలో అతడు ఉన్నవాడైనా సరే, దారిలో చేతికేమీ అందని స్థితిలో ఉంటే అతనికి హక్కు ఉన్నదని పండితులు వివరించారు. ఒక ప్రయాణంలో దిక్కుతోచక కుడి ఎడమలకు చూస్తున్న మనిషిని గమనించి, అదనపు వాహనం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లిం హదీసులో ఉంది. ఒకరిని వాహనం ఎక్కించడం, అతని సామాను అందించడం కూడా సదఖాయేనని మరో హదీసు చెబుతున్నది. చిన్నపాటి వాడుక వస్తువులను సైతం ఇవ్వని వారిని అల్ మాఊన్ సూరా మందలించింది. నేటి రోడ్డు మీద జాకీ, తాడు, బ్యాటరీ తీగలు అటువంటి వస్తువులే కదా!

ఇక్కడ ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా ఉంది. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, స్థిరమైన ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాలో అనిశ్చితి (గరర్) పెద్దయెత్తున ఉన్నందున అది ధర్మసమ్మతం కాదని, విరాళం, పరస్పర సహకారాల మీద నిలిచే బీమా దానికి సరైన ప్రత్యామ్నాయమని తీర్మానించింది. సూడాన్‌లో 1979లోనే ఇటువంటి సంస్థ ఏర్పడింది. మలేషియా 1984లో తకాఫుల్ చట్టం చేసింది. ఆహారం తరిగినప్పుడు ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి సమంగా పంచుకునే అష్‌అరీ తెగవారిని దైవప్రవక్త (స) మెచ్చుకుని తనవారిగా చెప్పుకున్నారు. తకాఫుల్ గురించి చెప్పేవారు తరచుగా జ్ఞాపకం చేసేది ఈ ఉదంతాన్నే.

ఇవన్నీ మా వీధి మస్జిదులో జుమా తరువాత కొందరు పెద్దల ముందు ఉంచాము. పాత కార్లున్న తొమ్మిది కుటుంబాలు ముందుకు వచ్చాయి. నెలకు 150 రూపాయల చొప్పున, ఏడాదికి మొత్తం 16,200 అవుతుంది. ఇది విరాళమే, ప్రీమియం కాదు. ఫలానా మొత్తం చెల్లిస్తామన్న హామీ ఎవరికీ లేదు. 1938 నాటి బీమా చట్టం ప్రకారం నమోదైన సంస్థలు మాత్రమే బీమా వ్యాపారం చేయవచ్చు కనుక ఈ తేడాను రాతలో స్పష్టం చేసుకున్నాము. జకాత్ సొమ్మును ఇందులో కలపకూడదన్నది మరో నియమం. ఊరిలోని ఒక టోయింగ్ బండి యజమానితో కిలోమీటరుకు ఇంత అని ముందే మాట్లాడుకున్నాము. జాకీ, లాగే తాడు, బ్యాటరీ తీగలు, ఎర్ర త్రికోణపు హెచ్చరిక పలక ఒకరి ఇంట్లో ఉంచాము. రుణాన్ని రాసుకోమన్న అల్లాహ్ ఆజ్ఞను గుర్తుంచుకుని ప్రతి ఖర్చునూ పుస్తకంలోకి ఎక్కిస్తాము, దాని కింద ఇద్దరు సంతకం చేస్తారు.

పరీక్ష త్వరగానే వచ్చింది. ఒక కుటుంబం కారు ఆరు నెలల్లో మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ నిధి నుండే లాగించవలసి వచ్చింది. "వారు ఎక్కువ చెల్లించాలి, లేదా తప్పుకోవాలి" అని కొందరన్నారు. ఆ మాటలో అన్యాయం ఉన్నదనలేము, ఎందుకంటే నిధి అందరిదీ. కాని బీమా సంస్థ మాతో అన్నదీ అదే మాట. మస్జిదులోనే కూర్చుని చాలాసేపు చర్చించాము. చివరకు ఒక వృద్ధ సోదరుడు మెకానికును పిలిపించమన్నారు. అతడు రేడియేటరు లోపల పూడుకుపోయిందని, దానిని మార్చితే గాని బండి దారికి రాదని చెప్పాడు. ఆ కుటుంబానికి ఒక్కసారిగా అంత డబ్బు తేవడం సాధ్యం కానందువల్లనే బండి అలా ఉండిపోయింది. నిధి నుండి వారికి వడ్డీ లేని అప్పు (ఖర్జె హసనా) ఇచ్చాము. రేడియేటరు మారింది. ఆపైన ఆ బండి ఆగలేదు, అప్పు నెలనెలా తీరుతున్నది. అల్‌హమ్దులిల్లాహ్!

అప్పటి నుండి నిధిలో ఒక షరతు చేరింది. బండి వయసు అడగము, బండి సంరక్షణ అడుగుతాము. ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త (స) బోధలో తవక్కుల్ అర్థమంతా ఉంది. ఆరు నెలలకొకసారి బ్రేకులు, బెల్టులు, కూలెంటు, బ్యాటరీ చూపించాలి. బ్యాటరీ సాధారణంగా మూడు నుండి ఐదేళ్ల వరకు పనిచేస్తుంది. టైరు ప్రక్కన ఉండే నాలుగు అంకెలను చూడాలి. ఉదాహరణకు 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. పైకి గీతలు బాగున్నా రబ్బరు పాతబడి ఉండవచ్చు. ఇంజను వేడెక్కినప్పుడు రేడియేటరు మూతను వెంటనే తీయకూడదు, మరిగే నీరు ఎగసి ముఖం కాలుతుంది. ఆటోమేటిక్ గేరు బండిని తాడుతో లాగించకుండా నాలుగు చక్రాలూ పైకెక్కించి తీసుకుపోయే బండినే పిలవాలి.

దారిలో సాయం చేసే సంస్థలు పాత కార్లకు కూడా విడిగా పథకాలు అమ్ముతుంటాయి. తీసుకునేవారు వయసు హద్దును, దూరపు హద్దును, పథకం ఏ రోజు నుండి అమలులోకి వస్తుందన్న షరతును చదివి, ఆ ఒప్పందం ధర్మసమ్మతమేనా అన్న సంగతిని తమకు దగ్గరలోని ముఫ్తీని అడిగి తీసుకోవడం మంచిది. అది దొరికినవారికి కూడా ఇరుగుపొరుగు తోడు అక్కరలేకుండా పోదు.

మా నిధి చిన్నది. ఒకే నెలలో రెండు బండ్లు దూరాన ఆగితే చాలదని మాకు తెలుసు. అయినా ఈ రంజాను నుండి మరొక నియమం కలుపుకున్నాము. మా తొమ్మిది కుటుంబాలవారే కాక, మా ఊరి దరిదాపుల్లో రోడ్డు మీద ఆగిపోయిన కుటుంబం ఏదైనా, ఏ మతం వారైనా, మా జాకీ, తాడు, తీగలు వారికి ఉచితంగా అందుతాయి. ప్రతి మస్జిదు పరిధిలో ఐదారు కుటుంబాలు ఇటువంటి ఏర్పాటు చేసుకుంటే, కర్నూలు నుండి హైదరాబాదు వరకు ఉన్న దారిలో రాత్రివేళ ఫోను చేయడానికి ఒక మనిషి పేరైనా ఉంటుంది. ఈ పనికి పూనుకునే సోదర సోదరీమణులకు మా లెక్కల పుస్తకాన్ని, నియమాల కాగితాన్ని చూపడానికి మేము సిద్ధంగా ఉన్నాము, ఇన్షా అల్లాహ్.