చంక దగ్గర ముడత

2024 జూన్ 21
ఆన్‌లైన్ జాకెట్ల కటింగ్ క్లాసులు, రెండో బ్యాచ్ నిన్నటితో అయిపోయింది. 46 మంది చేరితే చివరిదాకా ఉన్నవాళ్లు 37. వాళ్లకు ఫారం పంపాను, 19 మంది నింపారు. దాదాపు అందరూ ఐదుకు ఐదు. కింద రాయమన్న చోట "సూపర్ మేడం", "చాలా బాగా చెప్పారు", దండం పెట్టే బొమ్మలు. సాయంత్రం అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, "మరి ఎవరికైనా జాకెట్టు ఒంటికి సరిపోయిందా?" అన్నారు. ఫారంలో ఆ ప్రశ్నే లేదు.

జూన్ 24
కుట్టిన జాకెట్టు వేసుకుని, చేతులు కిందికి దించి ఫొటో పంపమన్నాను. మొహం అక్కర్లేదన్నాను. 11 వచ్చాయి. నంద్యాల అక్కది ముదురాకుపచ్చ జాకెట్టు, పసుపు పైపింగ్. పైపింగ్ దారమంత సన్నగా, ఎక్కడా వంకర లేకుండా కుట్టింది. కానీ ముందు చంక నుంచి డాట్ వైపు ఏటవాలుగా ఒక ముడత. తర్వాతి ఫొటోలోనూ అక్కడే. మొత్తం ఏడింట్లో అదే ముడత. ఏడుగురికీ ఒకేచోట తప్పు వచ్చిందంటే అది చెప్పినదాంట్లోనే ఉండాలి.

రికార్డింగ్ పెట్టుకుని చూశాను. వెనక చంక కన్నా ముందు చంక అర అంగుళం లోతు తియ్యాలని నోటితో చెప్పాను. గీత గీసేటప్పుడు మాత్రం నా మణికట్టు సుద్దకు అడ్డంగా ఉంది. చెయ్యి తీస్తూనే గుడ్డ తిప్పేశాను. ఆ గీతను వాళ్లు చూడనే లేదు. ఆ ఏడుగురిలో ఐదుగురు నాకు ఐదు చుక్కలూ ఇచ్చినవాళ్లే. ఫారం మీద పేరు కూడా రాయమన్నాను కదా. పేరు రాయించుకుని మార్కులు వెయ్యమంటే ఎవరు తగ్గిస్తారు?

జూన్ 27
బీఎడ్ చదివిన మేనకోడలు ఫోన్ చేసింది. ఒకటి నుంచి ఐదు దాకా మెట్లు పెట్టి అడిగే పద్ధతి 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికా సైకాలజిస్టుదట, మనుషుల అభిప్రాయాలు కొలవడానికి. "నువ్వు వాళ్లకు నచ్చావత్తా, ఆ ఫారంతో తెలిసేది అంతే" అంది. హార్వర్డ్‌లో స్టాటిస్టిక్స్ చెప్పిన ఫ్రెడరిక్ మోస్టెలర్, ఇవాళ్టి పాఠంలో అన్నిటికన్నా అయోమయంగా ఉన్నదేమిటో చెప్పమని క్లాసు చివర పిల్లల్ని అడిగేవాడట. 1989లో దాని గురించి వ్యాసమే రాశాడట. ఈ మాట నన్ను బాగా పట్టుకుంది. "అర్థమైందా?" అంటే మనవాళ్లు తలూపుతారు. అర్థం కానిది ఒకటి ఉండే ఉంటుందన్నట్టు అడిగితే చెప్పడానికి మొహమాటపడరు.

జూలై 3
మూడో బ్యాచ్. క్లాసు చివర ఒక్కటే అడిగాను: "ఇవాళ కత్తెర ఎక్కడ ఆగింది?" గ్రూపులో ఎవరూ పలకలేదు. నా నంబరుకే విడిగా వాయిస్ పెట్టమన్నాక, రాత్రి పిల్లలు పడుకున్న వేళకి ఒక్కొక్కటే వచ్చాయి. క్రాస్ పీసుకి గుడ్డ ఎటు మడవాలి? కుట్టుకు వదిలేది కొలతను నాలుగో వంతు చెయ్యక ముందు కలపాలా, తర్వాతా?

జూలై 5
కువైట్ నుంచి ఒక చెల్లెలి వాయిస్. నా క్లాసు మధ్యాహ్నం మూడింటికి. అక్కడ పన్నెండున్నర, తను పనిచేసే ఇంట్లో వంట వేళ. వెనక గిన్నెల చప్పుడు. "క్లాసు చెవిలో పెట్టుకుని వింటాను అక్కా, చూడ్డానికి కుదరదు. మీరు 'ఇక్కణ్ణుంచి ఇలా తీసుకోండి' అంటారు. ఎక్కణ్ణుంచో, ఎన్ని అంగుళాలో నోటితో చెప్పండి."

మూడుసార్లు విన్నాను. పాత రికార్డింగ్‌లో పది నిమిషాలు తీసుకుని లెక్కపెడితే "ఇలా" అన్నది 23 సార్లు. తెర మీద చూస్తున్నవాళ్లకు కూడా, నా చెయ్యి అడ్డొచ్చినప్పుడల్లా మిగిలింది ఆ "ఇలా" ఒక్కటే.

జూలై 6
ఫోన్ స్టాండు నా ఎడమ పక్కకు మార్చాను. క్లాసు మొదట్లోనే చెప్పాను: "ఇద్దరు అడిగారు, అందుకని ఇవాళ ప్రతి గీతకూ ఎక్కణ్ణుంచి ఎక్కడికో, ఎన్ని అంగుళాలో పలుకుతాను." ఆ రాత్రి వాయిస్‌లు రెట్టింపయ్యాయి.

జూలై 13
మధ్యలో మానేసినవాళ్లకు ఇదివరకు ఫారం పంపలేదు. అడిగితే బాగుండదనుకున్నాను. ఇవాళ ఫోన్లు చేశాను. ఒకమ్మాయి ఆషాఢానికి పుట్టింటికి వెళ్లింది, అక్కడ మిషను లేదు. ఇంకొకామె కాసేపు ఆగి అంది, "కొత్త లైనింగ్ గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే భయమేసింది మేడం. పాడైతే మళ్లీ కొనాలి కదా." నేను నేర్చుకున్నప్పుడు మొదటి నెలంతా పాత పేపర్ల మీదే కోయించారు. ఆ సంగతి నేనెలా మర్చిపోయాను! వచ్చే బ్యాచ్‌కి మొదటి మూడు క్లాసులూ పేపరు మీదే. ఆమెకు ఫీజు లేకుండా మళ్లీ చేరమన్నాను.

ఆగస్టు 17
నిన్న వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నుంచీ ఫొటోలే. ముందు చంకలు చూసుకుంటూ వచ్చాను. 14లో ముడత రెండింట్లోనే ఉంది. కువైట్ నుంచి కూడా వచ్చింది, మెరూన్ జాకెట్టు, వెనక వైపు ఫొటో. మెడ దగ్గర తనే ఎర్రగీతతో సున్నా చుట్టింది. "చంక కుదిరింది అక్కా. వెనక మెడ జారుతోంది. భుజం ఎంత తగ్గించాలి?"

జవాబు ఇంకా పెట్టలేదు. నాలుగో క్లాసు రికార్డింగ్ తెరిచి, భుజం దగ్గర ఏమన్నానో ముందు వింటున్నాను.