నడిగడ్డకు ఒక నోటుపుస్తకంతో

మా ఇంట్లో ఆరు డైరీలున్నాయి. అన్నింట్లోనూ ఒక్క జనవరే ఉంది. ఒకదాంట్లో సంక్రాంతి దాటి కనుమ దాకా వచ్చాను, అదే నా రికార్డు. ధ్యానం సంగతీ అంతే. ఫోన్లో యాప్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే, మూడో నిమిషానికల్లా కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్కపెడుతూ దొరికిపోతాను. అలాంటిదాన్ని శ్రావణమాసంలో రాజమండ్రి నుంచి గద్వాల బయల్దేరానంటే, ఎవరో చెప్పిన ఒక్క ముక్క పట్టుకునే. అక్కడి నేతకారులు ఏటా 41 రోజులు నిష్ఠగా ఉండి తిరుమల వెంకన్నకు పంచెలు నేస్తారట. నాకేమో పదిహేనో రోజే గండం. వీళ్లెలా దాటుతున్నారో చూసి రావాలనిపించింది.

సంచిలో 200 పేజీల కొత్త నోటుపుస్తకం, దాని పక్కన ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఆయనెందుకో తర్వాత చెబుతాను.

గద్వాల స్టేషన్లో దిగేసరికి తెల్లారుతోంది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నేల కాబట్టి ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు పాయల మధ్య నేలంటే మా గోదావరి వాళ్ల కళ్లకు కోనసీమ కొబ్బరిచెట్లే కనిపిస్తాయి. ఇక్కడ విత్తన పత్తి చేలు, కంది, బండరాళ్లు. హోటల్లో ఇడ్లీ అడగబోయి, పక్కాయన ప్లేటు చూసి ఉగ్గాని బజ్జీ తెప్పించుకున్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేస్తే ఉప్మాకి అన్నలాంటిది తయారవుతుందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు.

తిన్నాక కోట వెతుక్కుంటూ పోయాను. ఒక గేటు దాటి, చెట్లకింద పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిల్ని అడిగాను. "కోట ఎటమ్మా?" వాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. "మీరు కోటల్నే ఉన్నరు మేడం." నిజమే, ఒకప్పటి గద్వాల రాజు సోమభూపాలుడి కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. కవుల్ని ఆదరించి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న ఊరికి ఇది తగిన మార్పే అనుకుని, చెన్నకేశవస్వామి గుడి మండపంలో కూర్చుని పది నిమిషాలు కళ్లు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆరు నిమిషాలే. మిగతా నాలుగూ చీరల బేరం ఆలోచించాను.

వెంకన్న పంచెలు నేసే మగ్గం దగ్గరికి నాలాంటి దారినపోయేవాళ్లు దూరడం మర్యాద కాదన్నారు. వాటిని ఏరువాడ జోడు పంచెలంటారు. గద్వాల సంస్థానం రోజుల నుంచీ వస్తున్న మొక్కు, బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరాలి. నేను చీరలు నేసే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు పెనవేస్తూ పోవాలి. దాన్నే కుప్పడం అంటారు. 2010లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాళ్లు గుంతలో, కళ్లు పోగు మీద, చేతిలో నాడె. అరగంట చూశాను. ఆయన నన్ను ఒక్కసారి కూడా చూడలేదు.

"పెద్దాయనా, ధ్యానం చేస్తారా?" అన్నాను. అడిగాక సిగ్గేసింది.

"ధ్యానమా బిడ్డా? నాడె ఇసిరేటప్పుడు మనసు ఏడికన్న పోతే పోగు తెగుతది. తెగినంకనే తెలుస్తది, మనసు పోయిందని."

"తెగితే తిట్టుకోరా?"

"తిట్టుకుంటే చీర అయితదా? ముడేసి మళ్ల నేసుడే."

ఆ రాత్రి లాడ్జిలో నోటుపుస్తకం తీసి ఈ రెండు మాటలే రాసుకున్నాను. నా ఆరు డైరీలు ఆగిపోయింది ఒకరోజు తప్పినందుకు కాదు. తప్పినందుకు నామీద నేను అలిగినందుకు.

మర్నాడు వనపర్తికి రైలెక్కడం నా తెలివితక్కువ. కృష్ణ వంతెన మీద కిటికీ దగ్గర సీటు దొరికిందని పొంగిపోయి 'వనపర్తి రోడ్'లో దిగితే అక్కడ రోడ్డుంది, వనపర్తి లేదు. ఊరు ఇంకో 15 కిలోమీటర్లుంటుంది. మా నిడదవోలులో దిగితే నిడదవోలే ఉంటుంది మరి! ఇరుక్కుని కూర్చున్న షేరాటోలో ఫోను మోగి, ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. ఒళ్లో ఎవరిదో టమాటాల బుట్ట. ధ్యాస దానిమీదే పెట్టాను.

వనపర్తిలోనూ అదే కథ. రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ అయింది. మధ్యాహ్నం ఒక మెస్సులో జొన్నరొట్టె, పల్లీల పచ్చడి, పుంటికూర పప్పు పెట్టారు. పుంటికూర అంటే ఏదో కొత్త ఆకనుకుని తిని, మా గోంగూరేనని రెండో ముద్దకు గుర్తుపట్టాను.

ఇక వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అనే స్నేహితుడు కోరాడని ఏరోజుకారోజు రాస్తూ పోయాడు. అది 1838లో అచ్చయింది. శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి పెంటవెల్లి, పానగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు వెళ్లాడు. ఏం రాశాడు? ఊరు ఎన్ని ఆమడలు, దారి రాయా ఇసుకా, నీళ్ల వసతి ఉందా, అంగళ్లున్నాయా. 'ఈరోజు నా మనసెందుకో బరువుగా ఉంది' అని మొదలుపెట్టి రెండో వాక్యం తోచక డైరీ మూసేసే నాకు, ఈయన దగ్గర దారి దొరికింది. మనసు సంగతి తర్వాత, ముందు నీళ్లు, నీడ, తిండి. ఆ లెక్కన వనపర్తిలో రెండు పేజీలు నిండాయి. షేరాటో, టమాటాలు, గోంగూర.

ఆయన వచ్చిన దారిలో నేను ఎదురెళ్లాను. కొల్లాపురం బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో సోమశిల. శ్రీశైలం జలాశయంలో మునిగే గుళ్లను ఎత్తి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. ఎదురుగా కృష్ణ, మా గోదావరంత వెడల్పు. అవతలి ఒడ్డు ఆంధ్రా. మెట్లమీద కూర్చున్నాను. మేకలొచ్చాయి, ఒకటి నోటుపుస్తకం అట్ట రుచి చూసింది. నాలుగుసార్లు పోగు తెగింది, నాలుగుసార్లు ముడేశాను. లేచి గడియారం చూస్తే ఇరవై నిమిషాలు.

చివరి పొద్దు నాగర్‌కర్నూల్లో. ఇంటికి ఫోన్ చేస్తే "కర్నూలెందుకెళ్లావే?" అంది అమ్మ. ఇది వేరే ఊరని నమ్మించేసరికి కేసరి సముద్రం చెరువు కట్ట సగం నడిచేశాను. అదీ రాసుకున్నాను.

ఇంటికొచ్చి ఇవాళ్టికి 57 రోజులు. నోటుపుస్తకంలో ఐదు ఖాళీలున్నాయి, వాటి పక్కన చిన్న ముడి బొమ్మ వేశాను. మీరూ వెళ్లేట్లయితే శ్రావణంలో వెళ్లండి, చీరకు డబ్బు విడిగా పెట్టుకోండి, సోమశిలలో మేకల్ని కనిపెట్టుకోండి. వనపర్తికి మాత్రం బస్సెక్కండి.