మూడు జబాన్లు, ఒక్క జవాబు

బొగ్గు తవ్వే కంపెనీ ఏదో ఒకనాడు సివిల్స్ ఇంటర్వ్యూకి పోయే పిల్లలకు ఖర్చులిస్తుందని మా అబ్బాజాన్ ఉన్నప్పుడు ఎవరైనా అంటే మజాక్ అనుకునేవారు. ఇప్పుడది హకీకత్. 2024 జూలైలో మొదలైన ‘రాజీవ్‌గాంధీ సివిల్స్ అభయహస్తం’కి పైసలు పెడుతున్నది మన సింగరేణే. ప్రిలిమ్స్ దాటితే లక్ష రూపాయలు, మెయిన్స్ కూడా దాటి ఇంటర్వ్యూకి పిలుపొస్తే ఇంకో లక్ష.

ఈసారి ఆ పిలుపు మా ఇంటికొచ్చింది. మా ఆపా కూతురికి, అంటే నా భాంజీకి. దూలాభాయ్ గోదావరిఖనిలో కోల్ ఫిల్లర్‌గా చేరారు. తట్టా చెమ్మస్ పట్టుకుని ఏళ్ల తరబడి టబ్బులు నింపారు. మోకాళ్లు పోయాక జనరల్ మజ్దూర్‌గా మిగిలిన సర్వీసు చేసి రిటైరయ్యారు. లక్ష రూపాయలకు చెక్కు రాసివ్వొచ్చు. కానీ ఢిల్లీలో షాజహాన్ రోడ్డు మీదున్న ఆ బిల్డింగ్‌లో, అయిదుగురి ముందు కూర్చుని నోరు తెరిచే హిమ్మత్‌కి చెక్కు ఎవరిస్తారు? అది ఇంట్లోనే తయారు కావాలి. మేమెలా తయారీ చేశామో మన పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు హిసాబ్ చూద్దాం. మెయిన్స్‌కి 1750 మార్కులు, ఇంటర్వ్యూకి 275. కలిపి 2025. ఖాళీలకు దాదాపు రెండింతల మందిని పిలుస్తారు కాబట్టి, పోయినవాళ్లలో సగం మంది ఖాళీ చేతులతో తిరిగొస్తారు. బోర్డులో ఒక చైర్మన్, ఆయనకు అటూ ఇటూ మామూలుగా నలుగురు. సుమారు అరగంట. బయటివాళ్లకు అరగంటే. కుర్చీలో కూర్చున్న పిల్లకు మాత్రం అది రాత్రి షిఫ్ట్ అంత పొడుగు. ఇది వకీల్ చేసే జిరా మాదిరి ఉండదని, ఒక సహజమైన గుఫ్తగూ అని యూపీఎస్సీ తన నోటిఫికేషన్‌లోనే రాసుకుంది. నీకెంత తెలుసన్నది రాత పరీక్షల్లో అయిపోయింది. ఇక్కడ చూసేది నువ్వెలా సోంచాయిస్తావన్నది.

సవాళ్లు ఎక్కువగా నువ్వు నింపిన దరఖాస్తులోంచే పుడతాయి. పేరు, ఊరు, తండ్రి పేషా, చదువు, షౌక్. అందుకని మేం ఆ కాగితం ముందరేసుకుని ఒక్కో మాట దగ్గర ఆగినం. పేరుకి మానీ ఏమిటి? రామగుండంలో ఎన్‌టీపీసీ 2600 మెగావాట్లు బొగ్గుతో తీస్తూనే, రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు ఎందుకు తేలేసింది? మీ నాన్న బాయిలో దిగాడు, మీ అమ్మ ఎందుకు దిగలేదు? ఈ చివరి సవాల్‌కి 1952 గనుల చట్టం తెలియాలి. భూగర్భంలో ఆడవాళ్ల పనిని అది మనా చేసింది. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల వరకు 2019లో గానీ సడలింపు రాలేదు.

అసలు తకరార్ వేరే చోట వచ్చింది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు నమూనా ఇంటర్వ్యూ చేసి పిల్లకు సలహాలిచ్చారు. ‘కోల్ ఫిల్లర్ కూతురు’ అని అనొద్దట, ‘ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి కుటుంబం’ అనాలట. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం సంగతి వాళ్లు అడిగితే తప్ప ఎత్తొద్దట. లెహజా మార్చుకోవాలట. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. “మామూ, ఇవన్నీ దాచేస్తే లోపలికి పోయేది ఎవరు?” అనడిగింది.

నాకు నా ఇంటర్వ్యూ యాదికొచ్చింది. నేనూ ఉర్దూ మీడియమే, డిగ్రీలో తెలుగు తీసుకున్నా. ఇరవై ఏళ్ల కింద ఒక పత్రికలో నలుగురు కూర్చుని నన్ను అడిగారు. ఒకాయన ‘ళ’, ‘ణ’ పలికించి చూశాడు, చిన్నపిల్లవాడితో ఎక్కాలు చెప్పించినట్టు. ఇంకొకాయన, “నీకు తెలుగెందుకయ్యా?” అన్నాడు. “మా గల్లీలో నల్లా రాకపోతే అర్జీ తెలుగులో రాయాలి సర్. గల్లీ మొత్తానికి రాసేది నేనే” అన్నా. కాసేపాగి, “అర్జీ అనే మాట మాత్రం మాదే సర్” అన్నా. మూలకున్న పెద్దాయన నవ్వాడు. నౌకరీ వచ్చింది. ఆ జవాబుని నేను ముందురోజు రాత్రి బట్టీ పట్టలేదు. పదేళ్లు అర్జీలు రాశాను, అంతే.

అందుకని భాంజీకి ఒక తరీఖా చెప్పా. ప్రతి జవాబు ముందు మీ అమ్మీకి మన ఇంటి దక్కనీలో చెప్పు. తర్వాత పక్కింటివాళ్లకు తెలుగులో చెప్పు. ఆఖరికి ఇంగ్లీషులో చెప్పు. మూడు జబాన్లలోనూ నిలబడింది నీ జవాబు. మధ్యలో రాలిపోయింది ఎవరిదో ఉధార్ మాట.

మొదటి రోజే తేలిపోయింది. బొగ్గు వల్ల వాతావరణం పాడవుతోంది కదా, గనులు మూసేద్దామా అన్నది సవాల్. ‘ఇంధన భద్రతకూ సుస్థిర అభివృద్ధికీ నడుమ సమతుల్యత’ అని పిల్ల ఇంగ్లీషులో గడగడా చెప్పింది. “అమ్మీకి చెప్పు” అన్నా. రెండు ముక్కలు చెప్పి ఆగింది. మా ఆపా రోటీ తిప్పుతూ, “తో బాయి బంద్ కర్తే క్యా, నై కర్తే?” అంది. మూస్తారా, మూయరా, సీదా చెప్పమని.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మంది పనిచేసేవారు, ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. వాతావరణం పేరెత్తకుండానే యంత్రాలూ ఓపెన్‌కాస్టులూ ఇంత పని తినేశాయి. ఇక్కడి ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడితే, అదే చోట మళ్లీ యూరియా తయారయింది 2021లో. ఇరవై రెండేళ్లంటే ఒక నస్ల్ జవానీ మొత్తం. ఇవన్నీ కలిపి తల్లికి చెప్పింది: “బంద్ చేయాల్సి వస్తే తారీఖు ముందే చెప్పాలి అమ్మీ. కొత్త పని ముందు రావాలి, తాళం తర్వాత పడాలి.” ఆపా తలూపింది. అదే మాట తెలుగులో నిలబడింది, ఇంగ్లీషులోనూ నిలబడింది.

జబాన్ గురించి ఇంకో సంగతి. సివిల్స్‌లో ఇంటర్వ్యూ మన భాషలో కూడా ఇవ్వొచ్చు, దుబాసీని పెడతారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్ తెలుగులో రాసి దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. మా పిల్ల ఇంగ్లీషే ఎంచుకుంది, అది తన మర్జీ. కానీ దారి ఉందని మన పిల్లలకు మాలూమ్ ఉండాలి.

ఆ తర్వాత ఇంట్లోనే ఒక బోర్డు పెట్టినం. ప్రతి ఇత్వార్ అసర్ నమాజ్ అయ్యాక. ఒక తెలుగు పంతులుగారు, ఏరియా ఆసుపత్రిలో నర్సమ్మ, రిటైరైన మైనింగ్ సర్దార్, దూలాభాయ్, నేను. చాయ్ ఆపా ఖాతా. అయిదుగురితో మాట్లాడే అదబ్ అక్కడే నేర్చుకుంది. అడిగినవాళ్లను చూసి జవాబు మొదలుపెట్టాలి, మిగతా నలుగురినీ కళ్లతో కలుపుకోవాలి. మధ్యలో ఎవరైనా ఆపితే ఆగాలి. మొదటివారికి చెప్పింది అయిదోవారు విని పెట్టుకున్నారని మరవొద్దు. తెలియకపోతే ఒక్క ముక్కలో ‘తెలియదు’ అనాలి. ఉర్దూలో గనిని కాన్ అంటారు, చెవినీ కాన్ అంటారు. “నోటికన్నా ముందు కాన్ తెరువు” అని దూలాభాయ్ రోజూ అనేవారు.

సర్దార్ తాత మూడు వారాలు ఏమీ అడగలేదు. నాలుగో వారం అడిగాడు. “బిడ్డా, నేను రాత్రి షిఫ్టు జేసి పొద్దుగాల పండుకుంటా. మీ ప్రజావాణి సోమవారం పొద్దుగాలనే ఉంటది. కలెక్టరమ్మను నేనెప్పుడు కలవాలె?”

“ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు తాతా” అంది.

“నాకు రాయరాదు.”

పిల్ల మౌనంగా ఉంది. మేమెవరం అందుకోలేదు. కొంచెం సేపటికి, “షిఫ్ట్ దిగే గంటకు బాయి కాడికి నేనే రావాలి” అంది.

“నెలకెన్నిసార్లు వస్తవ్?”

“ఒకసారి.”

“ఆ మాట రాసి పెట్టుకో” అన్నాడు తాత, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ. కోచింగ్ సెంటర్‌లో ఇన్ని నెలలు చదివినా ఆ పిల్లను ఇంత నిశ్శబ్దం చేసిన సవాల్ ఎవరూ అడగలేదు.

పోయిన వారం రామగుండం స్టేషన్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది, దూలాభాయ్ తోడు పోయారు. తండ్రి పేషా అడిగితే ‘కోల్ ఫిల్లర్’ అనే చెబుతానని మాకు వాదా చేసి పోయింది. బోర్డు వాళ్లు ఏమడుగుతారో, నసీబ్‌లో ఏముందో అల్లాకే ఎరుక. నోట్‌బుక్ చివరి పేజీలో ‘నెలకోసారి, షిఫ్ట్ దిగే గంటకు’ అని తెలుగులో రాసుకుంది, కింద తారీఖు వేసుకుంది. మీ దువాల్లో యాద్ పెట్టుకోండి.