మారు అడగని చుట్టం

మనవాళ్ల ప్రేమంతా గరిటెలోనే ఉంటుంది. చాలు చాలంటూ విస్తరికి చేతులు అడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి నెయ్యి జార్చగల జాతి మనది. పెంచుకున్న కుక్క కూడా పెరుగన్నం తిని తిని గుమ్మం దాటడానికి ఆయాసపడుతుంది. పిలిచి పెట్టడం, కొసరి పెట్టడం, తినకపోతే అలగడం మనకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య బొత్తిగా చెల్లని ప్రాణి ఒకటి డాలస్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంది. మా మనవడు పెంచుకుంటున్న కార్న్ స్నేక్ అది.

పామును పెంచడమేమిట్రా అని మొదట్లో ముక్కున వేలేసుకున్నాం. రోజూ చూస్తూ చూస్తూ, ఎవరైనా అడిగితే నాలుగు ముక్కలు చెప్పగలిగే స్థితికి వచ్చాం.

ముందు ఎంపిక సంగతి. పిల్లల మోజు ఎప్పుడూ పెద్ద కొండచిలువల మీదే. బర్మీస్ పైథాన్ పిల్లగా ఉన్నప్పుడు చేతికి చుట్టుకుని ముద్దుగానే ఉంటుంది. పెరిగాక పదిహేనడుగులు దాటగలదు. అంత పెరిగినవాటిని సాకలేక కొందరు ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో వదిలేసి చేతులు దులుపుకున్నారు. అవి అక్కడ పిల్లాపాపలతో స్థిరపడి, కొన్ని చోట్ల కుందేళ్లనూ రకూన్లనూ దాదాపు తుడిచిపెట్టాయి. 2012లో అమెరికా ప్రభుత్వం వాటి దిగుమతినే ఆపేసింది.

అందుకే కొత్తవాళ్లకు అనుభవజ్ఞులు చెప్పే పేర్లు ముఖ్యంగా రెండు. ఒకటి కార్న్ స్నేక్. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పొలాల్లో, ధాన్యపు కొట్టాల్లో ఎలుకల్ని తిని బతికే విషం లేని పాము. మూడు నుంచి ఐదడుగులు పెరుగుతుంది. నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు, పొట్ట కింద నలుపు తెలుపు గళ్లు. రెండోది ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్. భయమేస్తే తలను మధ్యలో దాచుకుని ఉండ చుట్టుకుపోతుంది. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో ఈ పాములకు గుడే ఉంది. అక్కడివాళ్లు వీటిని చంపరు, పూజిస్తారు. స్వభావం సాధువే గాని తిండి దగ్గర మహా పంతం. మనసు కుదరకపోతే నెలల తరబడి ముట్టదు. కొత్తగా పెంచేవాళ్లకు అదే పెద్ద బెంగ. బరువు తగ్గనంతవరకూ కంగారు పడక్కర్లేదు.

ఏది తెచ్చుకున్నా దాని ఆయుష్షు కూడా లెక్క వేసుకోవాలి. కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. బాల్ పైథాన్ ముప్ఫై ఏళ్లు ఉన్నా వింత కాదు. సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో 1961 నుంచి ఉన్న ఒక బాల్ పైథాన్, కనీసం అరవై రెండేళ్ల వయసులో, 2020లో గుడ్లు పెట్టింది. పదేళ్ల పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకున్న పాము, వాడు కాలేజీకి వెళ్లాక కూడా ఇంట్లోనే ఉంటుంది. ఆ తర్వాత దాని తిండితిప్పలు వాళ్లమ్మ మెడకు చుట్టుకుంటాయి.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకూడదు. అడవిలో పట్టి తెచ్చిన దాన్ని కాక, పెంపకంలో పుట్టిన పిల్లనే తీసుకోవాలి. అడవి పాముల్లో పరాన్నజీవుల బెడద ఎక్కువ. ముక్కు దగ్గర బుడగలు, పొలుసుల సందుల్లో కదిలే నల్లటి నలుసులు, పైకి తేలిన వెన్నెముక కనిపిస్తే దండం పెట్టి వచ్చేయడమే. బాల్ పైథాన్లలో స్పైడర్ అనే రంగు రకం చూడ్డానికి అందమే గాని, దానితోపాటు పుట్టుకతోనే తల వణికే నరాల జబ్బు వస్తుంది. అన్నిటికన్నా ముందు అమ్మేవాణ్ణి అడగాల్సిన మాట ఒక్కటే: ఇది ఏం తింటోంది, చివరిసారి ఎప్పుడు తింది?

ఇక తిండి. అమెరికాలో చచ్చిన ఎలుకల్ని గడ్డకట్టించి, సైజుల వారీగా అమ్ముతారు. అప్పుడే పుట్టి ఒంటి మీద వెంట్రుక కూడా లేనివి పింకీలు, నూగు వచ్చినవి ఫజీలు, గెంతే వయసువి హాపర్లు. పాము ఒళ్లు ఎక్కడ బాగా లావుగా ఉందో, ఎలుక ఇంచుమించు అంతే లావుండాలి. ముందురోజు రాత్రి దాన్ని ఫ్రిజ్ కింది అరలోకి మారుస్తారు. మర్నాడు కవరుతో సహా వేడినీళ్లలో ఉంచి ఒళ్లు వెచ్చబడేలా చేస్తారు. మైక్రోవేవ్ జోలికి మాత్రం పోకూడదు. లోపల ఉడికిపోతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. బతికున్న ఎలుకను వేస్తే అదే పామును కొరికి పుండు చేయగలదు.

మనవడు పొడవాటి పట్టకారుతో ఎలుకను పట్టుకుని మెల్లగా ఆడిస్తాడు. పాము రెండుసార్లు నాలుక చాపి వాసన పడుతుంది. తర్వాత ఒక్క ఉదుటున అందుకుని, అది చచ్చిందన్న సంగతితో నిమిత్తం లేకుండా రెండు చుట్లు బిగిస్తుంది. వెతికి వెతికి తల వైపు నుంచే మింగడం మొదలుపెడుతుంది. కింది దవడ రెండు ముక్కలూ ముందు భాగంలో అతుక్కుని ఉండవు. ఒకటి పట్టి ఉంచితే రెండోది ముందుకు జరుగుతుంది. అంతా లోపలికి పోయాక నోరు బార్లా తెరిచి, ఆవులించినట్టు దవడలు సర్దుకుంటుంది.

ఇదంతా చూశాక మా ఆవిడ నోరు ఊరుకోలేదు.

"వారానికి ఆ ఒక్కటేనా నాన్నా? ఇంకోటి పెట్టు, పెరిగే ప్రాణం."

"ఎక్కువ పెడితే కక్కేస్తుంది నానమ్మా. పెద్దదయ్యాక రెండు వారాలకి ఒకటి."

వాడన్నది నిజం. మనం తినే తిండిలో పెద్ద భాగం ఒంటిని వెచ్చగా ఉంచడానికే ఖర్చవుతుంది. పాము వేడిని బయటినుంచి తీసుకుంటుంది కాబట్టి దానికి అంత తిండి అక్కర్లేదు. అయితే ఆ వేడి మనమే ఏర్పాటు చేయాలి. కార్న్ స్నేక్ పెట్టెలో ఒక పక్క ముప్ఫై డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో, రెండో పక్క చల్లగా ఉండాలి. రెండు పక్కలా దాక్కోవడానికి చోటుండాలి. వెచ్చదనం లేకపోతే తిన్నది అరగక బయటికొచ్చేస్తుంది. తిన్న తర్వాత రెండు రోజులు ముట్టుకోకూడదు. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం విడిచే వేళ అయింది. అప్పుడూ దాని మానాన దాన్ని వదలాలి. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. అతిగా మేపితే పాముకూ కొవ్వు పట్టి కాలేయం చెడుతుంది.

పాముకు పెట్టడంలో మన పొరపాటు ఇప్పటిది కాదు. నాగులచవితికి పాలు పోస్తాం. పాము మాంసాహారి, పాలు దానికి అరగవు. పాములవాడి బుట్టలోది తాగిందంటే భక్తికి మెచ్చి కాదు, రోజుల తరబడి నీళ్లు లేక గొంతెండి.

ఇది చదివి హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరికైనా సరదా పుడితే ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు పాముల్ని పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులకైతే, 2022లో ఆ చట్టాన్ని సవరించాక, ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి. అయినా పామును పోషించిన పుణ్యం కావాలంటే అద్దాల పెట్టె కొనక్కర్లేదు. పొలం గట్టున జెర్రిపోతు కనిపిస్తే కర్ర కోసం వెతక్కుండా దారివ్వండి. దాని ఎలుకల్ని అదే చూసుకుంటుంది, మన ధాన్యం కూడా మిగులుతుంది.