మా జిప్సీకి ఇంజక్షను

ఇంజక్షను అనగానే మన ఊళ్లో అందరికీ డాక్టరు గారే గుర్తుకొస్తారు. నేను చెప్పబోయేది మనిషికి చేసిన ఇంజక్షను కాదు, బండికి చేసినది. మా నాన్నగారి జిప్సీకి కార్బొరేటరు ఇంజను దించేసి, పెట్రోలు ఇంజక్షను ఉన్న ఇంజను ఎక్కించిన వైనం ఇది. కాలేజీ సావనీరులో మోటారు మెకానిజం గొడవ ఎందుకని సంపాదకులు అడగవచ్చు. మనం మార్కుల కోసం చేసి, రికార్డు దిద్దించుకుని మరచిపోయిన ఫిజిక్సు ప్రయోగాలు నరసాపురంలో ఒక రేకుల షెడ్డులో నాకు మళ్లీ ఎదురయ్యాయి. అందుకని రాస్తున్నాను.

ముందు బండి సంగతి. మారుతీ వారు జిప్సీని 1985లో తెచ్చారు. అప్పుడు దాని ఇంజను 970 సి.సి. 1996లో 1298 సి.సి.తో 'జిప్సీ కింగ్' వచ్చింది గానీ అదీ కార్బొరేటరుదే. 2000లో అదే 1298 సి.సి. ఇంజనుకి పదహారు వాల్వుల హెడ్డు పెట్టి, సిలిండరుకో ఇంజెక్టరు చొప్పున అమర్చారు. దాంతో 60 గుర్రాల బలం కాస్తా 80 అయింది. 2019లో మామూలు కొనుగోలుదారులకు అమ్మడం ఆపేశారు. సైన్యమూ పోలీసులూ ఏళ్ల తరబడి వాడిన బండి కాబట్టి పాత ఇంజన్లు, సామాను ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. మాది 1997 మోడలు.

నాన్నగారికి చేపల చెరువులున్నాయి. వానాకాలం చెరువు గట్టు మీద ఒండ్రులో నాలుగు చక్రాలూ లాగే బండి లేకపోతే అర్ధరాత్రి చెరువు దగ్గరికి పోవడం జరిగే పని కాదు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేప పైకి తేలుతోందని కబురొస్తే, గంట ఆలస్యానికి సంవత్సరం కష్టం నీళ్లపాలవుతుంది. సరిగ్గా అలాంటప్పుడే, గట్టు ఎక్కే ఏటవాలులో మా జిప్సీ దగ్గి ఆగిపోయేది. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లి వైపు దిగి ఒడ్డెక్కేటప్పుడూ అదే తంతు. చదును మీద మాత్రం గుర్రమే!

కారణం కార్బొరేటరు పని చేసే తీరులోనే ఉంది. గాలి సన్నని గొంతులోంచి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుందని బెర్నూలీ సిద్ధాంతం మనం కంఠస్థం చేసినదే. ఆ తగ్గిన పీడనం వల్లే పెట్రోలు జెట్టు రంధ్రంలోంచి పైకి లేచి గాలిలో కలుస్తుంది. అయితే ఆ జెట్టుకి పెట్రోలు అందించే చిన్న తొట్టిలో మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. డాబా మీది నీళ్ల ట్యాంకులో బంతి లాంటిదే అందులోనూ ఒక ఫ్లోటు ఉంటుంది. బండి ఏటవాలుగా నిలబడితే మట్టం ఒక పక్కకి ఒరుగుతుంది. అప్పుడు ఇంజనుకి అయితే పెట్రోలు ముంచెత్తుతుంది, లేదా అందకుండా పోతుంది.

దీనికి తోడు మరొకటి వచ్చిపడింది. 2022 నాటికి పెట్రోలులో పది శాతం ఇథనాలు కలిసింది. 2023 నుంచి ఇరవై శాతం కలిపినది బంకుల్లోకి రావడం మొదలైంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకి తొమ్మిది కిలోలు చాలు. ఇంధనం మారినా కార్బొరేటరు జెట్టు రంధ్రం మారదు గదా! ఎప్పుడో పాత పెట్రోలుకి తగినట్టు వేసిన బెజ్జం అది. అందుచేత మిశ్రమంలో గాలి పాలు ఎక్కువై, బండి పొద్దున్నే మొండికేసేది.

మా మేస్త్రి చదువు అయిదో తరగతితో సరి. వేట బోట్ల ఇంజన్లు, పొలాల్లో నీళ్లు తోడే ఆయిలింజన్లు బాగు చేస్తూ పైకొచ్చిన మనిషి. కార్బొరేటరు ట్యూనింగు చెవితోనే చేస్తాడు. స్క్రూ పావు మలుపు తిప్పి, తల వంచి విని, "ఆయ్, ఇప్పుడు పలికిందండి" అంటాడు. కొత్త బండ్లన్నీ కంపెనీ షోరూములకే పోతూ ఉంటే షెడ్డులో పని పలచబడిపోయింది. కొడుకు హైదరాబాదులో డ్రైవరుగా చేరాడు. ఇంజక్షను మాట ఎత్తితే వద్దంటాడేమో అనుకున్నాను. ఆయన నవ్వాడు.

"ఏముందండీ బాబూ, బోటింజన్లో అటామైజరు లేదా? అది పంపు నెడితే తెరుచుకుంటుంది, ఇది కరెంటిస్తే తెరుచుకుంటుంది. అంతేగదండీ!"

ఆలోచిస్తే నిజమే. బాష్ కంపెనీ డీజిలు ఇంజక్షను పంపుల్ని 1927లోనే పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్ పెట్రోలు ఇంజక్షను 1967లో ఫోక్స్‌వాగన్ కార్లకు వచ్చింది. నాజిలు, ప్రెషరు, స్ప్రే మన డెల్టా రైతుకి ఎప్పటినుంచో తెలిసిన మాటలే. తెలియనిదల్లా ఆ తీగల చిక్కుముడి.

ఇంజను మారిస్తే ఆర్.సి.లో నంబరు మారుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా అటువంటి మార్పులు చేయకూడదు. ఆ కాగితాల పని నాన్నగారు ముందే చూసుకున్నారు. తర్వాత పాత జిప్సీ ఒకదాని నుంచి ఇంజను, తీగలు, కంప్యూటరు పెట్టె, ట్యాంకులో ఉండే కరెంటు పంపు, అన్నీ ఒకే బండివి తెచ్చుకున్నాం. మేస్త్రి పట్టుబట్టాడు, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క చోట కొంటే పెట్టెకీ సెన్సార్లకీ పొత్తు కుదరదని. కార్బొరేటరు పంపు చదరపు అంగుళానికి నాలుగైదు పౌండ్ల ఒత్తిడి ఇస్తే చాలు. ఇంజక్షనుకి నలభై పౌండ్ల వరకూ కావాలి. కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ తీసి పారేసి, ఆ ఒత్తిడికి ఆగేవి వేశాడు. మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగిపోయే గొట్టం వేరే వేశాడు. కంప్యూటరు పెట్టెని డ్యాష్‌బోర్డు కింద, నీళ్లు అందనంత ఎత్తులో బిగించాడు.

ఇంజను ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. తీగలకి పదకొండు రోజులు. సర్క్యూటు పటం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి చెబుతూ ఉంటే, ఆయన షెడ్డు గోడ మీద సున్నం గీకి, సుద్దతో తెలుగులో రాయించాడు. పేర్లు మాత్రం ఆయనవే. నీటి ఉష్ణోగ్రత కొలిచే సెన్సారు 'వేడి చూసేది'. మానిఫోల్డు ప్రెషరు సెన్సారు 'గాలి చూసేది'. యాక్సిలరేటరు ఎంత తెరిచామో చెప్పేది 'కాలు చూసేది'. సైలెన్సరు గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సారు 'పొగ చూసేది'. ఈ నలుగురూ చెప్పిన కబుర్లు విని, ఇంజెక్టరుని సెకనులో ఎన్ని వెయ్యో వంతులు తెరవాలో పెట్టె లెక్క కడుతుంది. ఇథనాలు ఎక్కువైనా 'పొగ చూసేది' పసిగట్టి చెబుతుంది కనుక, పెట్టె చాలావరకూ సర్దుకుంటుంది.

'వేడి చూసేది' మంచిదో కాదో తేల్చడానికి మేస్త్రి పక్క కొట్టు నుంచి రెండు గాజు గ్లాసులు తెప్పించాడు. ఒకదాంట్లో చన్నీళ్లు, రెండోదాంట్లో మరిగే నీళ్లు. మల్టీమీటరు ముల్లు చన్నీళ్లలో రెండు వేల ఓములు, వేడినీళ్లలో రెండు వందల దరిదాపు చూపించింది. డిగ్రీలో నేను గ్రాఫు గీసిన థర్మిస్టరు ప్రయోగమే అది! చలిలో చోకు లాగే పని ఇకమీదట దానిదే. అది దేనికి పనికొస్తుందని ఆనాడు నేను అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

బండి స్టార్టయింది గానీ వారం తిరక్కుండా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలెట్టింది. సెన్సార్లు మార్చమని చూసినవాళ్లందరూ సలహా ఇచ్చారు. మేస్త్రి ఏదీ కొనలేదు. గోడ మీది పటం ముందు బీడీ కాలుస్తూ చాలాసేపు కూచుని, చివరికి ఎర్తు తీగ బాడీకి తగిలే చోటు విప్పాడు. మన సముద్రపు ఉప్పుగాలికి బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, గ్రీజు రాసి బిగించాక మళ్లీ ఆగలేదు. ఇప్పుడు జిప్సీ రేవు ఒడ్డు నిలువునా ఎక్కుతోంది. రాత్రిళ్లు చెరువు కబురొస్తే నాన్నగారు చోకు మాటే తలవడం లేదు.

నష్టం లేదని అనను. కార్బొరేటరు దారిలో మొరాయిస్తే జెట్టు విప్పి నోటితో ఊది ఇంటికొచ్చేవాళ్లం. పెట్రోలు పంపు కాలిపోతే ఇప్పుడు ఇంకో బండి వెనక తాడు కట్టించుకోవలసిందే. చెవితో ట్యూనింగు చేసే ఆ విద్య కూడా మేస్త్రితోనే పోతుందేమో.

కానీ ఆ షెడ్డు మూతపడలేదు. గోడ మీది పటం చూసి మరి రెండు బండ్లు వచ్చాయి. వానకి సుద్ద చెదిరితే నేనే వెళ్లి రంగుతో రాసి వచ్చాను. మేస్త్రికి కొరవడింది తెలివి కాదు మిత్రులారా, అర్థమయ్యే భాషలో ఒక్క కాగితం. మన ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు విద్యార్థులు ఏడాదికి ఒక్క సర్క్యూటు పటమైనా తెలుగులో రాసి, ఊళ్లో ఒక్క షెడ్డు గోడకైనా అంటిస్తే ఎలా ఉంటుంది? పేర్లు మాత్రం మేస్త్రిని అడిగి పెట్టండి.