మూడో మనిషిని ఏం చేద్దాం?

ముక్కోణపు ప్రేమకథ అంటేనే నాకు ఒళ్ళు మంట. ఇంటర్వెల్ దాకా ఇద్దరమ్మాయిల మధ్య హీరోను తిప్పడం ఎవరికైనా చేతనవుతుంది. మిగిలిపోయిన మూడో మనిషిని ఏం చెయ్యాలో తోచకే దర్శకుడికి చెమటలు పడతాయి. రోగం తెప్పిస్తాడు, లేదంటే అమెరికా విమానం ఎక్కిస్తాడు. దాసరి 'ప్రేమాభిషేకం' (1981)లో ఏకంగా హీరోకే క్యాన్సర్ తెప్పించి ఊరూవాడా ఏడిపించారు.

దానికి తోడు మా సీమవాళ్ళకు ఇంకో కడుపుమంట. ప్రేమించుకోడానికి విశాఖ బీచీ, గోదావరి లంకలూ, నరుక్కోడానికి మేం. 'ఆర్య 2' (2009)లో ఆఫీసు లిఫ్టుల్లో ముద్దుముద్దుగా సాగిన ముగ్గురి గొడవ మా వైపు వచ్చిందో లేదో, కత్తులు లేచాయి. నంద్యాల అంటే సుమోలేనా? పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చింది ఎవరికనుకున్నారు? మా నంద్యాల కృష్ణమరాజుకే. నలకూబరుడి మీద మనసుపడి కలభాషిణి రంభ వేషం కడుతుంది. తీరా ఆ దొరికిన నలకూబరుడు మారువేషంలోని మణికంధరుడు! అసలు రంభ వచ్చి తగువేసుకుంటుంది. ఇన్ని చిక్కులు పెట్టికూడా సూరన వాళ్ళను గాలికొదిలెయ్యలేదు. మరుజన్మలో కలభాషిణికీ మణికంధరుడికీ పెళ్ళి చేశాడు. ఈ కథ చెప్పి నిర్మాతను ఒప్పించమనండి చూద్దాం.

ఆళ్ళగడ్డ సంగతి ఇంకా గట్టిది. అక్కడికి దగ్గర్లోని అహోబిలం నరసింహస్వామి, ఇంట్లో ఆదిలక్ష్మి ఉండగానే నల్లమలలో చెంచులక్ష్మిని చేసుకున్నాడు. సవతుల కయ్యం లేకపోలేదు, మన యక్షగానాలకు రక్తి అంతా అందులోనే. కానీ ఎవరినీ చంపలేదు, ఎవరినీ పంపెయ్యలేదు. చెంచులు ఇప్పటికీ ఆయన్ను తమ అల్లుడనే అంటారు. 1958లో బి.ఏ. సుబ్బారావు ఈ కథను 'చెంచులక్ష్మి'గా తీస్తే నాగేశ్వరరావు, అంజలీదేవి జంటను జనం నెత్తిన పెట్టుకున్నారు.

ఏటా కనుమనాడు పారువేట మొదలవుతుంది. చెంచులు విల్లెక్కుపెట్టి స్వామి పల్లకీ వైపు బాణం వేస్తారు. అల్లుడికి ఆ మాత్రం మర్యాద ఉండాలి మరి! అక్కణ్నుంచి పల్లకీ నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతుంది, బ్రహ్మోత్సవాల్లో జరిగే తన కల్యాణానికి స్వయంగా పిలుచుకుంటూ. పల్లకీ దిగిన ఊరికి ఆరోజే అసలు పండగ. ఆడబిడ్డలు పుట్టింటికొస్తారు, వాకిళ్ళకు పేడనీళ్ళు, ముగ్గులు, బోయీల భుజాలకు పసుపు. ముసలమ్మలు కొబ్బరికాయ చేతబట్టుకుని పొద్దున్నుంచే అరుగుమీద కాచుకుంటారు. ఆయన రెండో పెళ్ళి గురించి ఒక్కరూ గొణగరు.

సినిమా అయ్యల్లారా, క్లైమాక్స్ తెగకపోతే ఈ కనుమకు అహోబిలం రండి. ఆళ్ళగడ్డ నుంచి బస్సులున్నాయి. సుమోలక్కర్లేదు.